పచ్చ బొత్తాం

మంగమ్మ చెప్పిందని నాగేంద్రమ్మ మొగుడు బుచ్చయ్యకి చెప్పిన కబురు ఇదీ. నూజివీడు బస్టాండులో ఇద్దరు పెద్దమనుషులు ముసునూరు బస్సు కోసం కూచుని మాట్లాడుకుంటున్నారట. పక్కనే వంకాయల బుట్ట దించుకుని కూచున్న మంగమ్మ చెవులు రెండూ అటే పారేసింది. పాండురంగారావుగారు తన మామిడితోట బావికి కరెంటు మోటారు పెట్టిస్తున్నారట. స్తంభాలు దింపేశారట. ఇక ఎద్దులతో నీళ్ళు తోడే మోట తీసేస్తారట, ఎద్దుల్ని అమ్మేస్తారట. "మరి మోట తోలే బుచ్చయ్య సంగతేంటి?" అని ఒకాయన అడిగితే రెండో ఆయన నోట్లో చుట్ట తీసి, "ఎద్దులకైతే సంతుంది" అన్నాడట. దానికి ఇద్దరూ నవ్వుకున్నారట.

"మంగమ్మ కూడా నవ్వే ఉంటది," అన్నాడు బుచ్చయ్య, చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరుక్కుంటూ.

"నవ్విందిలే. నాతో చెప్పేటప్పుడు మళ్ళీ ఏడ్చింది కూడా," అంది నాగేంద్రమ్మ. "దానికేం, రెండూ వచ్చు."

బుచ్చయ్య పట్టనట్టే చెయ్యి కడుక్కుని లేచాడు. మంగమ్మ నోట్లో పడితే పావలా కబురు రూపాయి అవుతుందని వాడలో అందరికీ తెలుసు. ఆ రూపాయిలో పావలా వంతు నిజం ఎప్పుడూ ఉంటుందనీ తెలుసు. ఆ పావలా ఏదో తేలేదాకా మనిషికి అన్నం సయించదు, అంతే.

చైనా యుద్ధం జరిగిన మరుసటేడు అది. మోటార్లూ ఇంజన్లూ ఆ చుట్టుపక్కల కొత్తేం కాదు. జి. కొండూరు వైపు తోటల్లో ఒకటీ అరా ఉన్నాయని విన్నారు. కానీ విన్నది వేరు, మనింటి ముందుకొచ్చి నిలబడింది వేరు. బుచ్చయ్య తండ్రి పాండురంగారావు తండ్రి దగ్గర మోట తోలాడు. ఆయన పోయాక బుచ్చయ్య మోకు పట్టుకున్నాడు. మధ్యలో మారిందల్లా ఎద్దులూ, తోలు తొండమూ మాత్రమే.

ఆ తోటలో ముందు భాగమంతా బంగినపల్లి, వెనక పాతకాలపు చిన్నరసాలూ పెద్దరసాలూ. మూలగా ఎర్రమట్టి మిట్ట మీద నాలుగు కలెక్టరు మామిడి చెట్లు. బావి పక్క పల్లంలో పాండురంగారావు కొత్తగా పెట్టించిన లేత అంటుమొక్కలు. మోట నీళ్ళు ఆ అంట్లకీ, వాటి సందుల్లో వేసిన వంగ, మిరప మళ్ళకీ సరిపోయేవి. పెద్ద చెట్లకి నీళ్ళు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తోచినా ఎద్దులు ఒప్పుకోవు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మైలెద్దు వెనక్కి నడుస్తూ నడుస్తూ సగం దారిలో నిలబడిపోయేది. "చాలంటావా?" అనేవాడు బుచ్చయ్య. అది చెవి విదిలించేది. కాడి దింపేవాడు. తోటలో ఆ పూటకి ఎన్ని నీళ్ళు పారాలో తేల్చేది మైలెద్దు.

దసరా వెళ్ళీ వెళ్ళకముందే స్తంభాలు పాతారు, తీగ లాగారు. బావి అంచున రేకుల కొట్టం లేచింది. మోటారు బిగించడానికి బెజవాడ నుంచి ప్రభాకరరావు అని ఒక ఫిట్టరు వచ్చాడు. ప్యాంటు, చేతికి గడియారం, జేబులో సిగరెట్లు. ఆ వేళే పాండురంగారావు బుచ్చయ్యని దగ్గరికి పిలిచాడు. చెడ్డవాడేం కాదాయన. చెప్పాల్సినది చెప్పేటప్పుడు మనిషి మొహం చూడడు, అదొక్కటే.

"ఎద్దుల్ని ఉంగుటూరు రైతుకి ఇచ్చేశాన్రా బుచ్చయ్యా. రేపొచ్చి తోలుకుపోతాడు. దాళవా చేలో దున్నుకుంటాడు."

"మంచిదండి."

"ఇక నీ సంగతి. మోటారు తిప్పడానికి చదువుకున్న కుర్రాణ్ణి ఎవణ్ణన్నా పెట్టుకోమంటున్నారు. నేనింకా ఏం అనుకోలేదు. ఉగాదిదాకా ఎట్టాగూ నీ జీతం కుదురుబాటు ఉందిగా. అప్పటికి చూద్దాం, నీకు పనుంటుందో లేదో."

అదీ మంగమ్మ రూపాయిలోని పావలా. ఆ వైపు పాలేరు ఏడాది కుదురుబాటు ఉగాదికి మొదలై ఉగాదికి ముగుస్తుంది. ఆ రోజు రైతు "ఉండరా" అంటే ఉన్నట్టు. ఏమీ అనకపోతే, తోటలోని పాక ఖాళీ చేసి చట్టీ కుండా నెత్తిన పెట్టుకోవాల్సిందే. నాగేంద్రమ్మ ఆ పాక చుట్టూ పాకించిన బీర, ఆనప పాదులు కూడా అక్కడే ఉండిపోతాయి.

మర్నాడు ఎద్దుల్ని తోలుకుపోయేటప్పుడు బుచ్చయ్య అక్కడ లేడు. ఫిట్టరుకి కొబ్బరిబోండాలు కొడుతున్నాడు.

అప్పట్నుంచి ఫిట్టరు ఉన్నన్నాళ్ళూ బుచ్చయ్య అతని నీడ వదల్లేదు. స్పానరు అంటే స్పానరు, గుడ్డ అంటే గుడ్డ. నాగేంద్రమ్మ చేత కోడికూర వండించి పెట్టించాడు. తిన్న మనిషి ఊరుకుంటాడా, నోరు విప్పాడు.

"ఇదిగో, ఈ పంపులో ముందు చెంబుడు నీళ్ళు పొయ్యాలి. పొయ్యకుండా ఆన్ చేశావో, వట్టి గాలి మింగుద్ది. పచ్చ బొత్తాం నొక్కితే ఆడుద్ది, ఎర్రది నొక్కితే ఆగుద్ది. వట్టికాళ్ళతో తడినేల మీద నిలబడి ముట్టుకోకు. చెప్పులేసుకో."

"చెప్పులా?" అన్నాడు బుచ్చయ్య. ఆ కాళ్ళు ఎన్నడూ చెప్పు ఎరగవు. "చెప్పులు లేకపోతేనో?"

"చెక్క మీదన్నా నిలబడు."

బుచ్చయ్య పాకలోకి పోయి పీట పట్టుకొచ్చాడు. తను కూచుని అన్నం తినే పీట, టేకుది, పెళ్ళినాటిది. దాన్ని స్టార్టరు ముందు వేసి, కాళ్ళు కడుక్కుని, పంచె ఎగ్గట్టి, పీట మీద నిలబడి, చూపుడువేలితో పచ్చ బొత్తాం నొక్కాడు. మోటారు ఒక్కసారి గుర్రుమని అందుకుంది. బావిలోంచి గొట్టం వణికింది. ఓ క్షణం ఏమీ లేదు. తరవాత ఎద్దులు ఒకసారి లాగితే మోట పోసేటన్ని నీళ్ళు ఊపిరి తీసేలోపు తొట్టిలో పడ్డాయి. మళ్ళీ పడ్డాయి. ఆగకుండా పడ్డాయి.

"అబ్బ," అన్నాడు బుచ్చయ్య.

నిజం చెప్పుకోవాలంటే అతనికి ఎద్దుల మీద బెంగ ఆ క్షణంలోనే సగం పోయింది. ఇన్నేళ్ళూ వెనక్కీ ముందుకీ నడిచి నడిచి అరికాళ్ళు పలకలైన మనిషి, ఒక్క వేలితో బావిని లేవదీశాడు. ఆ ముచ్చట ఎవరికుండదు?

"బాగుంది సంబరం. ఇక నువ్వు కూడు నేలమీద కూచుని తిను," అంది నాగేంద్రమ్మ.

ఫిట్టరు వెళ్ళిపోతూ పాండురంగారావుతో, "మీవాడే చూసుకుంటాడండీ, వేరే ఎవరూ అక్కర్లా," అన్నాడు. కోడికూర పని చేసింది. అయితే పాండురంగారావు "చూద్దాం" అన్నాడే తప్ప "సరే" అనలేదు. ఉగాది ఎక్కడిదక్కడే ఉంది.

కార్తీకంలో మోటారు చూడ్డానికి జనం వచ్చారు. పక్కతోటల మోటవాళ్ళు వచ్చి కొట్టం ముందు గొంతుక్కూచున్నారు. గొట్టం నోటి దగ్గర ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కున్నారు. అందరికీ బుచ్చయ్య పీట ఎక్కి నొక్కి చూపించేవాడు. నెల తిరక్కుండా అతని పేరు మారింది. మోట బుచ్చయ్య మోటారు బుచ్చయ్య అయ్యాడు.

"బావా, ఆ పీటకి పసుపు కుంకం పెట్టకపోయావా?" అంది మంగమ్మ, చీర జాడిస్తూ.

"నీ నోటికి పెడతా, అప్పుడన్నా మూసుకుని కూచుంటావు."

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా మోటారు పనితనంతోనే వచ్చింది. మోటతో అంట్లన్నిటికీ ఒక తడి ఇవ్వాలంటే వారం పట్టేది. ఆ వారం తిరిగేసరికి మొదటి అంటు కిందనేల పొడిబారి, మళ్ళీ మొదలెట్టాల్సొచ్చేది. కాబట్టి బుచ్చయ్యకి పని లేని రోజంటూ లేదు. ఇప్పుడు అంట్లూ, వంగ మళ్ళూ, మిరప మళ్ళూ అన్నీ కలిపి పొద్దున మొదలెడితే మర్నాటి మధ్యాహ్నానికి తడిసి ముద్దయ్యాయి. బుచ్చయ్య ఎర్ర బొత్తాం నొక్కి, చెట్టు కింద కూచుని, బీడీ ముట్టించాడు. బీడీ సగం కాలేలోపే పాండురంగారావు ఇంటి పనిమనిషి కంచె మీంచి కేకేసింది.

"మోటారు ఆగిందేంటని అడుగుతున్నారు అయ్యగారు."

తోట కంచె అవతలే ఆయన దొడ్డి. మోట చప్పుడు అక్కడిదాకా పోయేది కాదు. ఎద్దులు నడిచాయో లేదో ఆయనకి తెలిసేది కాదు. రేకుల కొట్టంలో మోటారు మోతకి బావి గొంతు కూడా తోడై, ఇప్పుడు అరుగు మీద పడకకుర్చీలో ఉన్న మనిషికి చక్కగా వినపడుతుంది. వచ్చినవాళ్ళతో ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, "విన్నారా? మనదే," అనేవాడు. కరెంటువాళ్ళకి ఆడినా ఆడకపోయినా కట్టాల్సింది కట్టాలి కాబట్టి, ఆడుతుంటే ఆయన ప్రాణం చల్లగా ఉండేది. ఆగితే ఎక్కడో ఏదో కారిపోతున్నట్టు ఉండేది.

బుచ్చయ్య బీడీ పారేసి లేచాడు. విషయం అర్థమైంది. ఇన్నాళ్ళూ కనపడని పని ఇప్పుడు వినపడుతోంది. చప్పుడు ఉంటే బుచ్చయ్య పనిలో ఉన్నట్టు. చప్పుడు ఆగితే బుచ్చయ్య ఖాళీ. ఖాళీ మనిషికి ఉగాదినాడు ఏం చెబుతారో అడగక్కర్లేదు.

మళ్ళీ పచ్చ బొత్తాం నొక్కాడు. అంట్ల పాదుల్లో నీళ్ళు నిలబడి ఉన్నాయి. ఇంకా పెడితే వేళ్ళు కుళ్ళుతాయి. పార తీసుకుని కాలవ గట్టు తెగ్గొట్టి, బంగినపల్లి చెట్ల వైపు కొత్త కాలవ తవ్వాడు. పెద్ద చెట్ల చుట్టూ పాదులు కట్టాడు. బంగినపల్లి అయ్యాక రసాలు. మార్గశిరం వచ్చేసరికి మిట్ట మీది నాలుగు కలెక్టరు చెట్లు తప్ప తోటంతా పాదులే, తోటంతా తడే. మిట్ట మీదికి నీళ్ళు ఎక్కలేదు కాబట్టి అవి ఎప్పటిలాగే ఎండలో ఎండుతూ ఉండిపోయాయి. పాండురంగారావు ఒకరోజు వచ్చి చూసి, "భేషురా. మా నాన్న చూసుంటే ఏమనేవాడో," అన్నాడు. బుచ్చయ్య ఆ భేషుని పాకదాకా మోసుకెళ్ళి నాగేంద్రమ్మకి ఇచ్చాడు.

అడ్డు చెప్పినవాళ్ళు లేకపోలేదు. మంగమ్మే అంది ఒకనాడు.

"ఏం బావా, కార్తీకం దాటాక వాన పడితే మామిడికి పూత పోద్దంటారుగా. నువ్వేమో రోజూ వాన కురిపిస్తన్నావు."

అక్కడున్నవాళ్ళంతా బుచ్చయ్య వైపు చూశారు. మాట నిజమే. ఆ దేశంలో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి, అదను దాటి పడ్డ వాన పూతకి చేటని. ఎందుకు చేటు అన్నదానికి మాత్రం అందరిదీ ఒకటే జవాబు: మబ్బు. మబ్బు పట్టి, మంచు దిగి, పూత మాడిపోతుందని. తాతలు చెప్పిందీ అదే. వాన ఎప్పుడూ మబ్బుతోనే వచ్చేది మరి. మబ్బు లేకుండా తోటంతా తడపగల వాన ఎవరి తాత చూశాడు గనక?

"పిచ్చిదానా," అన్నాడు బుచ్చయ్య. "పూత పోయేది మబ్బుకే. నీళ్ళేం చేశాయి? బావిలో మబ్బుంటదా?"

జనం గొల్లున నవ్వారు. మంగమ్మ కూడా నవ్వింది. ఆ మాట అరుగుదాకా వెళ్ళింది. పాండురంగారావుకి తెగ నచ్చింది. మరో వారానికి ఆయనే వచ్చిన వాళ్ళందరితో, "బావిలో మబ్బుంటుందటండీ?" అని తన మాటలాగా అనేవాడు. బుచ్చయ్య విని సంతోషించాడు. అయ్యగారి నోట తన మాట ఆడుతోందంటే, ఉగాదికి అడ్డేముంది?

పుష్యం వచ్చింది.

మొదట బుచ్చయ్య కళ్ళకి పండగే అయింది. తోటంతా ఒక్కసారి రంగు తిరిగింది. ప్రతి కొమ్మ చివరా రాగిరంగు లేత ఆకులు, ఎండ పడితే కొత్త చెంబుల్లా మెరుస్తూ. అన్నేళ్ళలో పెద్ద చెట్లు అంత నిగనిగలాడ్డం అతను చూడలేదు. నాగేంద్రమ్మని పిలిచి చూపించాడు. ఆమె తలెత్తి కాసేపు చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"వాసనేది?" అంది.

పక్కతోటలోంచి గాలి తిరిగినప్పుడల్లా పూత వాసన వస్తోంది, వగరూ తీపీ కలిసి, తల దిమ్మెక్కేటట్టు. వీళ్ళ తోటలో ఉత్త తడిమట్టి వాసన. పక్కతోట నించి తేనెటీగల రొద. వీళ్ళ తోటలో మోటారు రొద.

"వస్తది. మనది కాస్త వెనక," అన్నాడు బుచ్చయ్య.

రోజూ కొమ్మలు వంచి చూశాడు. ఆకులే. ముదురుతున్న ఆకులు, వాటి మీద ఇంకా లేత ఆకులు. అక్కడొకటీ ఇక్కడొకటీ పూత గెల తొంగిచూసిందంటే చూసిందంతే. ఒకనాడు గొడ్డలి పిడికి కర్ర వెతుక్కుంటూ మిట్ట మీదికెక్కిన బుచ్చయ్య అక్కడే నిలబడిపోయాడు. నీళ్ళు ఎక్కని ఆ నాలుగు కలెక్టరు చెట్లూ తలమీద మల్లెలు కుమ్మరించినట్టు ఉన్నాయి. ఆకు కనపడకుండా పూత. ఈగలు ముసిరి, చెట్టు చెట్టంతా రొద పెడుతోంది.

బుచ్చయ్య మిట్ట మీంచి కిందికి చూశాడు. తను తవ్విన కాలవ ఎక్కడిదాకా పోయిందో అక్కడిదాకా ఆకులు. కాలవ ఆగిన చోటినుంచి పూత. గీత గీసినట్టు ఉంది. ఇక ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. మబ్బుది కాదు తప్పు. మబ్బు ఏనాడూ ఏ చెట్టునీ ముట్టుకోలేదు. నీళ్ళే.

ఇంటికొచ్చి నాగేంద్రమ్మకి చెప్పాడు. ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"అయ్యగారితో చెప్పు," అంది.

"చెబితే ఉగాది ఇవాళే వస్తుంది."

"మరి నీళ్ళన్నా ఆపు. ఉన్న కాస్త గెలలన్నా నిలబడతాయి."

"ఆపితే చప్పుడు ఆగుద్ది. చప్పుడు ఆగితే మనిషిని పంపిస్తారు."

నాగేంద్రమ్మ పొయ్యి మీది కుండ దించింది. "నీళ్ళు పెట్టకుండా చప్పుడు చెయ్యలేదా నీ మోటారు?" అంది, ఎగతాళికే.

ఆమె ఎగతాళికే అంది గానీ బుచ్చయ్య ఆ మాట పట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పార పుచ్చుకుని, తొట్టి నుంచి తోటలోకి పోయే కాలవని మట్టిపెళ్ళలతో బిగదన్నేశాడు. తొట్టికి బావి వైపున్న గోడలో రెండిటికలు ఊడబెరికాడు. పీట మీద నిలబడి పచ్చ బొత్తాం నొక్కాడు. మోటారు అందుకుంది. నీళ్ళు బావిలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి తొట్టిలోకి, తొట్టిలోంచి మళ్ళీ బావిలోకి పడ్డాయి. ఒక్క చుక్క తోటలోకి పోలేదు. చప్పుడు ఎప్పటిలాగే ఉంది. ఇంకా చెప్పాలంటే, నీళ్ళు బావిలో పడే మోతతో కాస్త ఎక్కువే ఉంది.

అరుగు మీంచి ఎవరూ రాలేదు.

ఇక అదే పని. వారానికొక పూట అంట్లకీ మళ్ళకీ తడి, తక్కిన రోజుల్లో పొద్దున నొక్కడం, మధ్యాహ్నం కాసేపు ఆపడం, మళ్ళీ నొక్కడం. మధ్యలో బుచ్చయ్య తొట్టి గట్టున కూచుని బావి నీళ్ళు బావిలో పడుతుంటే చూసేవాడు. మోట రోజుల్లో ఒళ్ళు హూనమయ్యేది. అయినా పడుకుంటే నిద్ర పట్టేది. ఇప్పుడు ఒంటికి ఏ నొప్పీ లేదు, తిన్నది అరగడం లేదు. నాగేంద్రమ్మ కుండ పట్టుకొచ్చి, తొట్టిని చూసి, బావిని చూసి, మొగుణ్ణి చూసింది.

"ఇదేం పనయ్యా?"

"అయ్యగారికి కావాల్సింది చప్పుడేగా. చేస్తన్నా."

"ఎవరికన్నా తెలిస్తే పిచ్చెక్కిందంటారు."

"తెలియకపోతే మోటారు బుచ్చయ్య అంటారు," అన్నాడు. నవ్వాలనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

ఈలోపు తోటలో పూత లేదన్న సంగతి పాండురంగారావుకి తెలియకపోలేదు. ఆయనా చూస్తూనే ఉన్నాడు. అడిగినవాళ్ళకి, "ఈ ఏడు మంచు ఎక్కువ," అన్నాడు. పక్కతోటకి లేని మంచు మీ ఒక్క తోటకే దిగిందా అని ఎవరూ అడగలేదు. "చెట్టుకి బలం పట్టిందండీ. ముందు ఆకు, తరవాత పూత," అన్నాడు మరికొందరితో. తనకి తనే కూడా అదే చెప్పుకున్నాడు. శ్రీమన్నారాయణ వచ్చేదాకా అలా నెట్టుకొచ్చాడు.

శ్రీమన్నారాయణ నూజివీడు మామిడి వర్తకుడు. ఏటా మాఘంలో పూత చూసి తోట తీసుకుంటాడు. అప్పట్నుంచి కాయ కోసేదాకా తోట ఆయనది. ఆయనకో పద్ధతి ఉంది. జేబులో పసుపు పొట్లంతో వస్తాడు. తోటంతా మాట్లాడకుండా తిరుగుతాడు. పూత గెల తుంపి అరచేతిలో నలిపి వాసన చూస్తాడు. మనసుకి వస్తే వాకిట్లోని మొదటి చెట్టు మొదలుకి పసుపు బొట్టు పెడతాడు. బొట్టు పడిందంటే బేరం తరవాత ఎలాగైనా తెగుతుంది. పాండురంగారావు తండ్రి నాటినుంచి ఆ మొదటి చెట్టుకి బొట్టు తప్పిన ఏడు లేదు.

ఆ ఏడు శ్రీమన్నారాయణ బండి దిగి, మొదటి చెట్టు కింద నిలబడి పైకి చూసి, లోపలికి నడిచాడు. వెనకాలే పాండురంగారావు. బంగినపల్లి దాటారు, రసాలు దాటారు. వర్తకుడు ఒక్కచోటా చెయ్యి చాచలేదు. తుంపడానికి గెల ఉంటేగా. చిక్కటి నీడన పాదుల్లో ఇంకా ఆరని బురద ఆయన చెప్పులకి అంటుకుంది. పుల్లతో గీక్కుంటూ, "ఈ పాదులు కొత్తగా కట్టించారా?" అన్నాడు.

"మోటారు వచ్చిందిగా," అన్నాడు పాండురంగారావు.

మిట్ట మీదికెక్కారు. కలెక్టరు చెట్ల పూత అప్పటికే పిందెల్లోకి తిరుగుతోంది. ఈగలు ఇంకా వదల్లేదు. శ్రీమన్నారాయణ అక్కడ ఆగి, పూత చూసి, కిందికి పాదుల వరసలు చూసి, మళ్ళీ పూత చూశాడు. జేబు మీదికి పోయిన చెయ్యి కిందికి వచ్చింది. పాండురంగారావు ఆ చేతినే చూస్తున్నాడు.

మోటారు మోగుతూనే ఉంది. ఆ మోతని బట్టి ఇద్దరూ బావి దగ్గరికి వచ్చారు. బుచ్చయ్య వాళ్ళని చూసి తొట్టి గట్టు మీంచి లేచి నిలబడ్డాడు. ఇటికలు మళ్ళీ పెట్టే వ్యవధి లేకపోయింది. పెట్టాలని కూడా అతనికి అనిపించలేదు.

శ్రీమన్నారాయణ తొట్టిలోకి వంగి చూశాడు. బావిలోకి వంగి చూశాడు.

"ఇదేంటండీ," అన్నాడు, "బావికే నీళ్ళు పెట్టిస్తున్నారు?"

పాండురంగారావు మొహం ఎర్రబడింది. "ఏంట్రా ఇది? ఎప్పట్నించి?"

"పుష్యం నించండి."

"రోజూ మోటారు ఆడుతోందిగా?"

"ఆడుతోందండి."

"ఆడి, ఈ నీళ్ళు ఈ బావిలోనే పోస్తోందా?"

"చెట్లకి పోస్తే పూత రావట్లేదండి. మిట్ట మీద చూశారుగా. నీళ్ళు ఎక్కని చెట్లే పూసినై. తెలిసినప్పట్నించి పెద్ద చెట్లకి వదల్లా."

శ్రీమన్నారాయణ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మంచుకి పోయిందంటే అందరితో పాటు మేమూ నమ్మేవాళ్ళం," అన్నాడు మెల్లిగా. "సరే. వచ్చే ఏడు చూద్దాం పాండురంగారావుగారూ. మిట్ట మీది నాలుగు చెట్లూ మీ ఇంట్లో ఊరగాయకి ఉంచుకోండి."

ఊరగాయ మాట పాండురంగారావుకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆయన వర్తకుణ్ణి ఏమీ అనలేడు. మోటారుని అనలేడు. బావిలో మబ్బుంటుందా అని ఊరందరితో అన్నది తనేనని గుర్తొచ్చిందో ఏమో, ఆ సంగతీ ఎత్తలేదు. బుచ్చయ్య మీదికి తిరిగాడు.

"పెద్ద చెట్లకి ఏనాడన్నా నీళ్ళు పెట్టామంట్రా? మీ నాన్న పెట్టాడా? మా నాన్న పెట్టించాడా? మోటారు తప్పేం లేదు శ్రీమన్నారాయణగారూ, అది చెప్పింది చేస్తుంది. వీడికుండాలి బుద్ధి. పాదులు నువ్వే కట్టావు, కాలవలు నువ్వే తవ్వావు, తోట గొడ్డుపోయాక బావిలో పోసుకుంటూ కూచున్నావు. ఆ ఎర్ర బొత్తాం ఎందుకిచ్చార్రా నీకు? అంట్లు తడవగానే అది నొక్కేసి, హాయిగా చెట్టు కింద కూచుంటే ఎవరొద్దన్నారు?"

బుచ్చయ్య కొట్టంలోకి వెళ్ళాడు. పీట మీదికెక్కి ఎర్ర బొత్తాం నొక్కాడు. మోటారు దిగి దిగి ఆగింది. గొట్టంలో మిగిలిన నీళ్ళు బొటబొటా కారి అవీ ఆగాయి. అంత నిశ్శబ్దంలో మిట్ట మీది ఈగల రొద బావి దాకా వినపడింది. అతను పీట తీసి చంకన పెట్టుకుని బయటికొచ్చి, పాండురంగారావు ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి అయ్యగారు మొహం తిప్పుకోలేదు, తిప్పుకునే చోటు లేక.

"మోటారు ఆపి చెట్టు కింద కూచుంటే, ఉగాదికి నన్నుంచేవారా బాబూ?"